ఇంటికి ఒకరు

మొన్న ఇద్దరు కాలేజీ పిల్లలు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. తుపానులప్పుడు సాయానికి వెళ్లే వాలంటీర్లకు నెల్లూరులో శిక్షణ పెడుతున్నారట. "మీరు అన్నేళ్లు షెల్టరు డ్యూటీ చేశారంట కదా మేడం, మా వాళ్లకు ఉత్సాహం వచ్చేటట్టు నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. ఉత్సాహమా! నా నోరు ఊరుకోలేదు. "ఉత్సాహం కావాలంటే సినిమాకు పోండి నాయనా" అని, కాఫీ ఇచ్చి పంపించేశాను. వాళ్లు గేటు దాటాక మనసు పీకింది. ఆ పిల్లలు ఏం పాపం చేశారని? అందుకే చెప్పాల్సింది ఇలా కాగితం మీద పెడుతున్నాను. ఉత్సాహం కోసం చూసేవాళ్లు ఇక్కడే ఆపేయొచ్చు. నేనేమీ అనుకోను.

నేను ఏఎన్ఎంగా రిటైరయ్యాను. జనం నోట్లో నర్సమ్మను. కోట అనే ఊరి నుంచి సముద్రం తట్టుకు పోయే పల్లెల్లోనే నా ఉద్యోగమంతా గడిచింది. టీకాలు, జ్వరాలు, కాన్పులు, పసిబిడ్డకు డబ్బా పాలు పోసే అత్తలతో పోట్లాటలు, ఇదీ నా పని. కార్తీకం వచ్చిందంటే దీనికి తోడు తుపాను డ్యూటీ పడేది. వాయుగుండం అన్న మాట టీవీలో వినపడగానే మందుల పెట్టె, రెండు చీరలు, బైబిలు సర్దుకుని షెల్టరుకు చేరుకోవాలి. మా షెల్టరు స్తంభాల మీద ఎత్తుగా కట్టింది, పైన విశాలమైన డాబా. ఆ డాబా సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్లీ అక్కడికే వస్తాను.

షెల్టరులో పని కష్టమని మీరనుకుంటారు. కాదు. జనాన్ని ఇళ్లల్లోంచి కదిలించడం కష్టం. ఆటోకు మైకు కట్టి ఊరూరా తిరుగుతాం. "ఇళ్లల్లో ఎవరూ ఉండవద్దు. అందరూ షెల్టరుకు రావాలి" అని ఆ మైకులో వచ్చేది నా గొంతే. ఒక ఏడు రికార్డు చేసి పెట్టుకున్నారు, తర్వాత ప్రతి ఏడూ అదే వేసేవారు. ఆ గొంతు వినీ వినీ జనానికి భయం పోయింది. "పోయినేడు గూడా ఇట్నే అరిస్తివి గదమ్మా. తుపాను యాడికి బోయింది? మద్రాసుకు బోయింది. మేం మాత్రం పులిహోర తిని వస్తిమి" అనేవాళ్లు. ఒకామెకు బర్రె ఈనేటట్టుంది. ఒకాయనకు కోళ్ల బెంగ. ఇంకొకాయన మంచం మీద కాళ్లు చాపుకుని, "నీళ్లు ఇంట్లోకొస్తే అప్పుడు జూస్తాంలే, నువ్వు పోమ్మా" అనేవాడు. నా తల ప్రాణం తోకకు వచ్చేది.

ఈ గోలలో పుట్టిందే 'ఇంటికి ఒకరు'. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ఏ ఆర్డరులోనూ లేదు. ఒక తుపానుకు ఊరంతా ఖాళీ అయినప్పుడు పొలాల్లో మోటర్లు, ఇళ్లల్లో గ్యాసు బండలు ఎవరో ఎత్తుకుపోయారు. అప్పటి నుంచి జనం బేరం పెట్టారు. ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు మాతో వస్తారు. ఇంటికి ఒక మనిషి మాత్రం కాపలా ఉంటాడు. దీనికి ఒప్పుకుంటే ఊరు ఊరంతా వెంటనే కదిలేది. ఒప్పుకోకపోతే గొంతు చించుకున్నా ఎవరూ గడప దిగేవాళ్లు కాదు.

మా జట్టుకు పెద్ద ఒక రెవెన్యూ ఆఫీసరు. చిన్న వయసు, మంచివాడు, ఆ రోజుల్లో తిండీ నిద్రా మానేసి తిరిగేవాడు. నేను ఒకసారి ఆయన మీద ఎగిరాను. "ఎవరూ ఉండొద్దని మైకులో నా చేత చెప్పించి, ఇంటికి ఒకరిని మీరే వదిలేసి వస్తారేంది సారూ? ఆ మైకు నా నోరా, గాడిద నోరా?"

ఆయన కోప్పడలేదు. "మేడం, ఆ ఒక్కరిని వదలకపోతే మిగతావాళ్లు రారు. వేరే దారుంటే చెప్పండి, అట్లాగే చేద్దాం" అన్నాడు.

నా దగ్గర వేరే దారి లేదు. ఇప్పటికీ లేదు.

ఇక ఒక మొగుడూ పెళ్లాల సంగతి. షెల్టరు డాబా ఎక్కి దక్షిణం తట్టు చూస్తే అన్నీ రొయ్యల గుంటలే. ఒకప్పుడు వరి పండిన నేలే. ఆ గుంటల నడుమ గట్టు మీద ఒక రేకుల షెడ్డు. అందులో జనరేటరు, మేత బస్తాలు, ఒక మూల వాళ్ల పొయ్యి, పడక. యానాది దంపతులు. గుంటలకు కాపలా, మేత చల్లడం, ఏరేటర్లు వేసి తీయడం అన్నీ వాళ్లే. ఏరేటర్లంటే రొయ్యలకు గాలి ఆడేట్టు నీటిని చిలికే చక్రాలు. ఇంకో పని కూడా ఉండేది. గుంట మీద కొంగలూ నీటికాకులూ వాలకుండా ఈ గట్టు నుంచి ఆ గట్టుకు కర్రలు పాతి, వాటి మీద నైలాను దారాలు దగ్గర దగ్గరగా లాగి కట్టాలి. పంట పంటకూ వాళ్లిద్దరూ ఆ దారాలు కట్టేవాళ్లు. అతను కర్ర పాతేవాడు, ఆమె ముడి వేసేది.

ఆమెకు రెండుసార్లు కడుపు పోయింది. రెండుసార్లూ నేనే ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాను. అందువల్ల నాతో చనువు. నేను కనబడితే చాలు, "నర్సమ్మా, నీకు మీసాలొక్కటే తక్కువ, ఆ గొంతుకు" అని నవ్వేది. అతను సన్నగా పొడుగ్గా ఉండేవాడు. పెళ్లాం తిడుతుంటే అటు తిరిగి నవ్వుకునేవాడు.

ఆ ఏడు తుపాను పెద్దదన్నారు. మైకు ఆటో వెనక ట్రాక్టరు పెట్టుకుని మేం గుంటల మీదికి వెళ్లేసరికి ఆమె అప్పటికే మూట కట్టుకుని నిలబడి ఉంది. మొగుడి మూట కూడా పక్కనే ఉంది.

"ఇద్దరం వస్తాం సారూ. మాకేం ఉండాది ఈడ కాపలా గాయడానికి? ఇల్లా, వాకిలా?" అంది.

రెవెన్యూ సారు గుంటల యజమానికి ఫోను చేశాడు. ఆయన ఉండేది నెల్లూరులో. పక్కనే ఉన్నాను కాబట్టి ఆయన మాట నాకూ వినిపించింది. "పంట చేతికొచ్చే టయం సార్. జనరేటరూ అదీ అంతా ఆడనే ఉండాది. ఊళ్లో ఇంటికి ఒకరుండొచ్చన్నారంట గదా? మావాణ్ణి గూడా ఒక్కణ్ణి ఉండనీండి" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. సారు ఫోను పెట్టేసి ఆమె మొగుడి మొహం చూశాడు.

"నేనుంటాలే సారూ, దాన్ని దీస్కపోండి" అన్నాడు అతను.

ఆమె మండిపడింది. "ఇంటికి ఒకరనేది ఇల్లుండేవోళ్లకు. మనకెందుకు?"

"గుంటే మనిల్లు మే" అని అతను నవ్వి, ఆమె మూట ట్రాక్టరులోకి విసిరాడు. తన మూట తీసుకుపోయి షెడ్డులో పెట్టేశాడు. ఆమె ఎక్కింది గానీ మొగుడి మొహం చూడలేదు. ట్రాక్టరు కదిలాక వెనక నుంచి అతను అరిచాడు. "మే, ఆడ పులిహోర పెడతారంట. నాకో పొట్లం దాచిపెట్టు!"

"పెడతా, మన్ను పెడతా" అని ఆమె ఇటు తిరిగే అరిచింది.

షెల్టరులో వంట అంతా మా చర్చి ఆడవాళ్లది. పాస్టరు గారి భార్య వాళ్లకు పెద్ద. మేమంతా పాస్టరమ్మా అనేవాళ్లం. అంత జనానికి వండి, పొట్లాలు కట్టి, చేతికందించేదాకా ఆమె కూర్చోగా నేను చూడలేదు. మనిషికి ఒక పొట్లం అని ఆమె కట్టడి. లేకపోతే ముందు నిలబడినవాళ్లు మూడేసి లాక్కుంటే వెనకవాళ్లు పస్తులుంటారు. గుంటల షెడ్డు ఆమె వరసలో వచ్చి రెండు చేతులూ చాపింది.

"రెండోది ఎవరికి తల్లీ?"

"మా ఆయనకి. దాచిపెట్టమన్నాడు."

వెనక నుంచి గొణుగుడు మొదలైంది. "మా మొగుళ్లు గూడా ఇళ్ల కాడ్నే ఉండారు, మాకూ ఇయ్యండి" అని. పాస్టరమ్మ ఇబ్బందిగా నా వంక చూసింది. ఆమె మింగలేక కక్కలేక ఉంటే నేనే, "నా పొట్లం ఆమెకియ్యి పాస్టరమ్మా, ఈ పూట నాకు ఆకలి లేదు" అన్నాను. అబద్ధం. ఆకలికి కడుపు మండిపోతోంది. అప్పటి నుంచి ప్రతి పూటా ఆమెకు రెండు పొట్లాలు వెళ్లేవి. పాతది కుక్కకు వేసి, కొత్తది చీరకొంగులో చుట్టి పెట్టుకునేది. మొగుడి మీద కోపం మాత్రం తగ్గలేదు. ఫోనులో తిట్టడానికి నా ఫోనే అడిగేది.

తుపాను వచ్చింది. గాలి కొట్టింది, వాన పడింది, ఒకటి రెండు చెట్లు కూలాయి. అంతే. తెల్లారేసరికి ఎండ! ఎక్కడా మబ్బు తునక లేదు. జనం మమ్మల్ని చూసి ఒకటే నవ్వు. "నర్సమ్మా, తుపాను యాడమ్మా? చూపించు, ఒకసారి దండం పెట్టుకుంటాం" అన్నారు. నాకూ నవ్వొచ్చింది. ఆమె ఫోను చేసింది. "షెడ్డు బాగుండాదా?" అని అడిగింది. "షెడ్డుకంటే నేనే బాగుండా. నన్నడగవేంది?" అని అతను. ఆమె మొదటిసారి నవ్వి, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చాపలు చుట్టుకునేవాళ్లు చుట్టుకుంటున్నారు. "ఉండండి, అన్నం తినేసి పోదురు" అని నేనే ఆపాను.

అన్నం ఇంకా ఉడకలేదు. పై నుంచి కబురొచ్చింది. పడమట ఎక్కడో వాన కుంభవృష్టిగా పడిందట. చెరువు కట్టలు తెగాయట. స్వర్ణముఖి పొంగి ఒడ్లు దాటిందట. మాకు పడిన వాన కాదు మా మీదికి వచ్చింది. ఎవరికో పడిన వాన ఎండలో వచ్చింది. ఎర్రటి నీళ్లు. ముందు రోడ్డు పక్క కాలవ నిండింది, తర్వాత రోడ్డు మునిగింది. చాపలు చుట్టినవాళ్లు మళ్లీ పరిచారు. ఇళ్ల దగ్గర కాపలా ఉన్న మగవాళ్లు మెడలోతు నీళ్లలో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని షెల్టరు చేరుకుంటున్నారు. వాళ్లవి దగ్గర ఊళ్లు. గుంటల మీద ఉన్నవాడికి మాత్రం పట్టుకోవడానికి ఇంకో చెయ్యి లేదు.

నా ఫోను మోగింది. అతనే. "నర్సమ్మా, గట్టు మీదికి వచ్చేసినాయి నీళ్లు. షెడ్డు మీదికెక్కినా. దానికి చెప్పమాక." ఆమె పక్కనే ఉంది. నా మొహం చూసి ఫోను లాక్కుంది. "యాడుండావు? రేకుల మీదా? జారుతుందిరా, నడి మజ్జన కూసో" అంది. తర్వాత ఏమీ తిట్టలేదు. తిట్టకపోయేసరికి నాకు భయం వేసింది.

మా దగ్గర ఒక ఫైబరు బోటు ఉంది. పట్టపుపాలెం నుంచి జాలర్లు దాన్ని ట్రాక్టరు మీద ఎక్కించి తెచ్చి ముందే షెల్టరు దగ్గర పెట్టారు. మా తట్టు వరదలకు ఇది మామూలే, సముద్రం మనుషులు పొలాల్లో బోటు నడుపుతారు. బోటు యజమాని బలమైన మనిషి. ఆయన మెల్లగా మాట్లాడితే పక్క ఊరికి వినపడుతుంది. సారు విషయం చెప్పగానే ఇంజను దింపాడు.

"కనపడతానే ఉండాది గదా షెడ్డు. అలల్లో పుట్టినోళ్లం నర్సమ్మా, ఈ మడుగొక లెక్కా? టీ కాస్తా ఉండండి, తెచ్చేస్తా" అన్నాడు. ఆమె వైపు తిరిగి, "నీ మొగుడికి చెప్పమ్మా, గడ్డం గీసుకుని కూసోమని" అన్నాడు. ఆమె కూడా నవ్వింది.

అందరం డాబా ఎక్కాం. అక్కడి నుంచి అంతా కనపడుతుంది. ఎటు చూసినా నీళ్లే, గట్లు లేవు, గుంటలు లేవు, కాలవ ఏదో రోడ్డు ఏదో తెలియదు. నడుమ ఆ రేకుల కప్పు, దాని మీద నల్లగా ఒక మనిషి. బోటు బయలుదేరి తిన్నగా షెడ్డు వైపు తిరిగింది. సముద్రంలో ఎట్లా పోతారో అట్లాగే, చూపు ఉన్న చోటికి ముక్కుసూటిగా. కింద గుంటలున్నాయని అందరికీ తెలుసు. గుంటల మీద దారాలున్నాయని కూడా అందరికీ తెలుసు. ఆ నిమిషంలో ఆ రెండూ కలిపి ఆలోచించిన మనిషి మా డాబా మీద ఒక్కరు లేరు. నీళ్లు కర్రల ఎత్తుకు వచ్చాక ఆ దారాలు ఎక్కడ ఉంటాయి? నీటి మట్టానికి ఒక్క బెత్తెడు కింద.

జనం చప్పట్లు కొడుతున్నారు. ఆమె చేతిలో నా ఫోను. స్పీకరు పెట్టాను. "వస్తా ఉండారు మే, కనపడతా ఉండారు" అంటున్నాడు అతను. "చెయ్యి ఊపు, వాళ్లకు కనపడేటట్టు ఊపు" అంటోంది ఆమె. అతను ఊపాడు. ఇక్కడి నుంచి మాకు కూడా కనపడింది.

అప్పుడు ఇంజను చప్పుడు ఆగిపోయింది.

బోటు పక్కకు తిరిగింది. జాలరి ఒకడు వెనక వంగి ఏదో కోస్తున్నాడు. ఇంజను ఒకసారి అరిచింది, మళ్లీ ఆగింది. మళ్లీ వంగాడు. తెడ్లు తీశారు. తెడ్లకూ తగులుకుంటున్నాయి. నీటి పోటు బోటును తూర్పుకు లాగేస్తోంది. "ఏందిరా, ఏమైంది, పోరేంది!" అని డాబా మీద జనం అరుపులు. ఫోనులో అతను, "ఏందో తగులుకున్నట్టుండాది మే. తెంపుకోని వస్తార్లే" అన్నాడు. పెళ్లానికి ధైర్యం చెబుతున్నాడు. "నువ్వు కదలమాక" అని ఆమె. "యాడికి కదిలేది? నువ్వు పొట్లం దాచిపెట్టినావా?" అన్నాడు.

"పెట్టినా" అంది ఆమె.

గట్టు ఎక్కడ తెగిందో మాకు కనపడలేదు. షెడ్డు ఒక మూల కిందికి వంగింది. రేకులు మెరిశాయి. ఆ తర్వాత అక్కడ షెడ్డు లేదు. నీళ్లు ఉన్నాయి. ఎండ కూడా అట్లాగే ఉంది. ఆమె ఫోను చెవికి పెట్టుకుని, "వినపడతా ఉండాదా? వినపడతా ఉండాదా?" అంటూనే ఉంది. ఆ ఫోను ఆమె చేతిలోంచి తీసుకునే ధైర్యం నాకు లేకపోయింది.

ఇంతకాలం నర్సుగా చేశాను, చావు తెలియని దాన్ని కాదు. కానీ కళ్ల ముందు, పట్టపగలు, ఫోనులో మాట్లాడుతుండగా, ఊరు ఊరంతా డాబా మీద నిలబడి చూస్తుండగా ఒక మనిషి పోవడం! ప్రభువా అని కూడా నా నోటికి రాలేదు.

బోటు చాలా దూరం కొట్టుకుపోయి రోడ్డు గట్టుకు తగిలింది. దాన్ని తాళ్లతో లాక్కుని తెచ్చారు. బోటాయన అరచేతులు రెండూ కోసుకుపోయి నెత్తురు కారుతున్నాయి. కట్టు కట్టడానికి నేను దూది తీస్తే చెయ్యి ఇవ్వలేదు. "కోస్తే ఇంకోటి నర్సమ్మా, కోస్తే ఇంకోటి..." అదొక్కటే మాట. ఇంజను ఫ్యాను నిండా పచ్చటి నైలాను దారం చుట్టుకుని ఉంది.

ఆమె మెట్లు దిగి వచ్చింది. ఎవరూ పట్టుకోలేదు, ఎవరినీ పట్టుకోనివ్వలేదు. బోటు దగ్గర వంగి ఆ దారం చేతిలోకి తీసుకుంది. వెతుక్కుంటూ వెతుక్కుంటూ ఒక ముడి పట్టుకుంది.

"ఈ ముడి నేనేసిందే" అంది.

బోటాయన విన్నాడు. అంత పెద్ద గొంతు మనిషి ఆ రోజు ఇంకో మాట మాట్లాడగా నేను వినలేదు.

సాయంత్రం పొట్లాల వరస వేశారు. ఆమె ఒక మూల కూర్చుని ఉంటే పాస్టరమ్మే వెళ్లింది. ఒకటి ఇవ్వాలా రెండివ్వాలా? ఒకటే ఇస్తే నువ్వు ఒంటరిదానివని మొహం మీద చెప్పినట్టు. రెండిస్తే ఎగతాళి చేసినట్టు. పాపం పాస్టరమ్మ రెండు పొట్లాలు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. చివరికి రెండూ ఆమె ముందు పెట్టి, వంటింటి గోడ వెనక్కి వెళ్లి ఏడ్చింది. తెల్లారి చూస్తే రెండు పొట్లాలూ కట్టిన దారం కట్టినట్టే ఉన్నాయి.

బోటాయన వెతకడం మానలేదు. పాలెం నుంచి వచ్చిన మిగతావాళ్లు ఇళ్లకు పోదామన్నా ఈయన పోలేదు. నీళ్లు తీశాక, ఏరు సముద్రంలో కలిసే తట్టు, తుమ్మ పొదల్లో ఆమె మొగుడు దొరికాడు. అదే బోటులో తెచ్చారు. ఈసారి గుంటలన్నీ చుట్టి, కాలవ దారిన వచ్చారు. ఇసుక దిబ్బ మీద పూడ్చారు. ఆమె ఏడ్చింది. నేను ఆమెను పట్టుకుని ఏడ్చాను. అంతకంటే చేయగలిగింది నాకేమీ కనపడలేదు. నా మందుల పెట్టెలో ఆమెకు ఇవ్వగలిగింది తలనొప్పి మాత్ర ఒక్కటే.

తర్వాత మాకు సన్మానం చేశారు. అవును, నవ్వకండి. వరద సాయం చేసినవాళ్లందరినీ పిలిచి శాలువాలు కప్పారు. మైకు పట్టుకున్న పెద్దమనిషి ఒకరు, "ఇంత వరదకు మన పక్క పోయింది ఒక్కటంటే ఒక్క ప్రాణం. ఇది మన వాలంటీర్ల ఘనత" అన్నాడు. చప్పట్లు మోగాయి. ఒక్కటంటే ఒక్కటి! రెవెన్యూ సారు తల వంచుకున్నాడు. నా పక్కన కూర్చున్న బోటాయన మెల్లగా శాలువా తీసి, నాలుగు మడతలు పెట్టి, కుర్చీలో ఉంచి, లేచి వెళ్లిపోయాడు. నేను మాత్రం నా శాలువా ఇంటికి తెచ్చుకున్నాను. చలికాలం కప్పుకుంటున్నాను కూడా. మంచి శాలువా.

కొన్నాళ్లు నేను మనిషి మనిషి మీదా కోపం పెంచుకున్నాను. గుంటల యజమాని మీద మొదలుపెట్టాను. ఆయన ఆ రోజు దిబ్బ మీదికి వచ్చి, నిజంగానే ఏడ్చాడు. సరే, రెవెన్యూ సారు. ఆయనకు ఆ తర్వాత నిద్ర పట్టదని నా దగ్గరికే మాత్రల కోసం వచ్చాడు. బోటాయన? ఆయన చేతులు చూశాక ఇంకేమంటాను! చివరికి వానను తిట్టుకుందామన్నా ఆ వాన మా ఊళ్లో పడనే లేదు. కోపానికి ఒక మొహం దొరికినా బాగుండేది. దొరకలేదు. మీరు ఈ పనిలోకి వస్తే ఇది మీకూ తగులుతుంది. మంచివాళ్లే, అందరూ తలా ఒక చెయ్యి వేస్తే, మనిషి పోతాడు.

మరుసటి ఏడు వానలకు ముందు మీటింగు పెట్టారు. నేను లేచి, ఇంటికి ఒకరు అనే మాట ఇక ఉండకూడదన్నాను. అందరూ ఒప్పుకున్నారు. "కరెక్టు మేడం", "తప్పకుండా మేడం" అన్నారు. టీ తాగి వచ్చేశాం. నాకది రిటైరయ్యే ఏడు. మళ్లీ వాయుగుండం, మళ్లీ మైకు ఆటో, మళ్లీ నా గొంతు. మొదటి ఊళ్లోనే పెద్దమనుషులు బేరం పెట్టారు. సారు నా వంక చూశాడు. నేను గుడిసెల ముందు నిలబడిన పిల్లల వంక చూశాను. నీళ్లు వస్తే ముందు మునిగేది వాళ్లే. నేనేమీ అనలేదు. పిల్లలు ట్రాక్టరు ఎక్కారు.

ఆ తుపాను చివరికి ఒంగోలు తట్టుకు తిరిగిపోయింది. మా దగ్గర చినుకులే. ముందే చెప్పేస్తున్నాను, భయపడకండి, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ పొద్దున మాకు ఆ సంగతి తెలియదు.

ఆటో గుంటల మీదికి వచ్చింది. అదే చోట కొత్త షెడ్డు వేశారు, రేకులు ఇంకా మెరుస్తున్నాయి. గుంటల మీద కొత్త దారాలు. షెడ్డు ముందు ఆమె నిలబడి ఉంది. మొగుడు పోయిన మనిషికి ఆధారం ఉండాలని యజమాని కాపలా పని ఆమెకే ఇచ్చాడట. ఊళ్లో అందరూ ఆయన్ను మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను, ఎందుకు అబద్ధం చెప్పాలి?

నేను ఆటో దిగి పరిగెత్తినట్టే పోయాను. "మూట యాడమ్మా? కట్టుకోలేదా? పద, ట్రాక్టరు వస్తా ఉంది" అన్నాను.

"నేను రాలేను నర్సమ్మా."

"రాలేవా? నిన్ను జుట్టు పట్టుకుని ఈడ్చుకుపోతా. మైకు వినపడటంలా నీకు? ఎవరూ ఉండొద్దంటున్నాంగా!"

"వినపడతా ఉండాది. నీ గొంతే గదా." ఆమె నవ్వింది. పోయినేటి నవ్వు కాదది. నా చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. నైలాను దారం లాగి లాగి అరచెయ్యి గట్టిపడి ఉంది. "ఊళ్లో ఇంటికి ఒకర్ని ఉండనిస్తిరంట గదా, ఇప్పుడే పాలబ్బాయి చెప్పిపాయ" అంది.

వెనక ఆటోలో మైకు మోగుతూనే ఉంది. ఇళ్లల్లో ఎవరూ ఉండవద్దు, అందరూ షెల్టరుకు రావాలి.

"ఆ పొద్దు ఇద్దరముంటిమి, ఒకరం వస్తిమి, ఒకరుంటిమి" అంది ఆమె. "ఇప్పుడు మా ఇంటికి ఉండేది నేనొక్కదాన్నేనమ్మా. ఆ ఒకరూ నేనే."